ఫ్యాను వైపు చూస్తూ టైపు కొట్టేవాడు

ఈమధ్య ఒక పొద్దున మా పాలిటెక్నిక్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక వార్త వచ్చింది. "ప్యాక్ గాడు పోయినాడప్పా. రాజంపేటలో. గుండెనొప్పి అంట." కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. పది పన్నెండు బొమ్మల తర్వాత ఒకడు రాశాడు: "మంచోడు, పాపం. పైన చిత్రగుప్తుడు మాత్రం ఈని చేతికి లిస్టు ఇయ్యకుంటే సాలు. సగం మంది మాయమైపోతారు." దాని కింద నవ్వు బొమ్మలు.

నేను కూడా చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, ఫోను పక్కన పడేసి టీ తాగాను.

ప్యాక్ అన్న ఆ పేరు అతనికి ఇరవై ఏడేళ్ళుగా ఉంది. మా వాళ్ళలో అతని అసలు పేరు చెప్పగలిగినవాళ్ళు సగం మంది కూడా ఉండరు. చివరి ఏడాది ప్రాజెక్టులో అతని చేతి తొందర వల్ల ముప్పైయొక్క మంది పేర్లు కంప్యూటర్లోంచి చెరిగిపోయాయి, ఆ ముసలివాళ్ళకు కంటి ఆపరేషన్లు తప్పిపోయాయి అన్నది మా అందరికీ తెలిసిన కథ. అందులో ఊరు నిజం, ముసలివాళ్ళు నిజం, పేర్లు చెరిగిపోవడం నిజం. చెరిపింది మాత్రం అతను కాదు, నేను.

ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి చివర్లో చెబితే కథ అల్లినట్టు ఉంటుంది. నాకు కథ అక్కర్లేదు. అతను ఎలాంటివాడో, నేను ఏం చేశానో ఉన్నది ఉన్నట్టు కాగితం మీద పెట్టాలి.

కర్నూల్లో మేం డిప్లొమా చదివే రోజులకు కంప్యూటర్ కోర్సు ఇంకా కొత్త. డేటా ప్రాసెసింగ్ అని ఒక సబ్జెక్టు ఉండేది. ల్యాబులోకి చెప్పులు వేసుకుని పోకూడదు. దేవళం ముందర విడిచినట్టు గుమ్మం బయట విడిచి, కాళ్ళు గోనెపట్టా మీద తుడుచుకుని లోపలికి పోవాలి. దుమ్ము పడితే యంత్రాలు చెడిపోతాయని మా సార్ భయం. పన్నెండు కంప్యూటర్లలో ఎనిమిది పనిచేసేవి. ఏసీ ఉండేది గానీ తిరిగేది ఫ్యానే. రోల్ నంబరు వరసలో ఇద్దరికి ఒక కంప్యూటరు ఇచ్చేవాళ్ళు. ఒకడు కాగితం చూసి చదవాలి, ఇంకొకడు కొట్టాలి. అతని నంబరు పక్క నంబరు నాది. మూడేళ్ళు అతని పక్కనే కూర్చున్నాను. అసూయ అంటే ఏమిటో నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

టైపింగు నేర్చుకోవడానికి మా నాయన నన్ను పాతబస్తీ ఇన్‌స్టిట్యూటుకు ఆరు నెలలు పంపాడు. లోయర్ పాసయ్యాను. వేళ్ళ వైపు చూసి చూసి మెడ పట్టేసేది. అతను ఏ ఇన్‌స్టిట్యూటుకూ పోలేదు. కల్లూరు అవతల చిన్న పల్లె వాళ్ళది. వాళ్ళ నాయన కూలిపనికి పోతూ, శనివారాలు చర్చి ఊడ్చి, ఆదివారం గంట కొట్టేవాడు. చర్చిలో పాస్టరుగారి పాత టైపు మిషన్ ఒకటి ఉండేది. ఆదివారం పాటల కాగితాలకు స్టెన్సిల్ కొట్టే పని చిన్నప్పటి నుంచీ ఇతనిది. దాని మీటల మీద సగం అక్షరాలు అరిగిపోయి కనిపించేవి కావట. అందుకే చూడకుండా కొట్టడం అలవాటైంది.

కొట్టేటప్పుడు అతను గడ్డం పైకెత్తి, తిరిగే ఫ్యాను వైపు చూస్తూ ఉండేవాడు. ఎక్కడో ఎవరో పిలుస్తుంటే చెవి ఒగ్గి వింటున్నట్టు ఉండేది ఆ ముఖం. వేళ్ళు కింద వాటి పాటికి అవి పోతుండేవి. గొంతులో సన్నగా ఏదో చర్చి పాట. చొక్కా జేబులో వేయించిన శెనిక్కాయలు, ఖాళీ అయిన పొట్టు మళ్ళీ అదే జేబులోకి. నేను కాగితం చూసి చదివేవాణ్ణి. అతన్ని తడబడేలా చేయాలని కావాలనే ఊపిరి తీసుకోకుండా గబగబా చదివేవాణ్ణి. నేను ఆఖరి మాట పలికేసరికి అతని ఆఖరి అక్షరం కూడా పడిపోయేది. ఫ్యాను మీంచి చూపు తిప్పకుండానే అడిగేవాడు.

"ఇంగ?"

అంతే. అందులో గర్వం లేదు, వెటకారం లేదు. ఇంకా ఏమున్నాయో చెప్పు, కొట్టేస్తాను అని. ఆ ఒక్క మాటకు నా ఒళ్ళు మండిపోయేది.

అతనికి ఇంకో మాట కూడా ఉండేది. "యాడికి పోతాదిలే!" కరెంటు పోయి గంటసేపు కొట్టిందంతా ఎగిరిపోతే మేం తలలు పట్టుకునేవాళ్ళం. అతను జేబులోంచి నాలుగు కాయలు తీసి పంచి, "యాడికి పోతాదప్పా, కాగితం ఈడనే ఉండాది, మనమూ ఈడనే ఉండాం, మళ్ళా కొడదాం" అనేవాడు. ఫ్లాపీ చెడిపోయినా, బస్సు తప్పిపోయినా అదే మాట. వాడికి పోగొట్టుకోవడమంటే భయం లేదు. నాకు అన్నీ భయమే.

సార్ కారిడార్‌లో నాకు ఎదురైతే అడిగే మాట ఒకటే: "ఏమప్పా, మీ పార్ట్‌నర్ యాడ?" సార్ ఎప్పుడైనా నా గురించి అలా అడిగాడా అని ఒకసారి అతన్ని అడిగి చూశాను. అతను ఆలోచించి, "నువ్వు ఎప్పుడూ ఈడనే ఉంటావు గదప్పా, నీ గురించి అడిగే పనేముండాది?" అన్నాడు. మంచి మాటే. నాకు వారం రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు.

వాళ్ళమ్మ నెలకొకసారి జొన్నరొట్టెలు, శెనిక్కాయల పొడి మూటగట్టుకుని వచ్చేది. గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చుని వచ్చినవాడికల్లా తుంచి పెట్టేది. "మీ అందరికంటే మావోడే బక్కగా ఉండాడే" అని నవ్వేది. నేనూ తినేవాణ్ణి. తింటూ, అతను మొదటి ముక్క ఎవరికిచ్చాడో చూసుకునేవాణ్ణి.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు మా ఇద్దరికీ ఒక ఊరు వచ్చింది. కోడుమూరు దాటి లోపలికి పోతే వస్తుంది. అక్కడ ముసలివాళ్ళ కళ్ళు పరీక్ష చేసి, శుక్లాలు ఉన్నవాళ్ళను ఒక ఆసుపత్రి వాళ్ళు బస్సులో తీసుకుపోయి ఆపరేషన్ చేయించి దింపుతామన్నారు. ఎవరెవరికి చూపు ఎంత ఉందో ఇంటింటికీ తిరిగి రాసుకుని, కంప్యూటర్లో ఎక్కించి, వాళ్ళకు జాబితా అచ్చు తీసి ఇవ్వడం మా పని.

మొదటి రోజే చిక్కు వచ్చింది. ఒక పెద్దాయన మేకలు తోలుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"పేరేంది తాతా?" అన్నాను.

"సుంకన్న."

"నాయన పేరు?"

"మద్దిలేటి."

నేను కాగితాలు తిరగేసి, "నిన్ను ఇందాకే రాసుకున్నాం గదా" అన్నాను.

"ఆ సుంకన్న వేరే నాయనా. ఆయప్ప బావికాడి సుంకన్న. నేను మేకల సుంకన్న. ఇంగొకడు కుంటి సుంకన్న ఉండాడు, వాని నాయన గూడ మద్దిలేటే."

నా పార్ట్‌నర్ పగలబడి నవ్వాడు. "ఏం తాతా, మీ ఊర్లో పేర్లు పంచేటోడు శానా పిసినారి ఉన్నట్టుండాడే!"

"మేము మొక్కుకునే దేవుండ్లే ఇద్దరు. ఇంగ పేర్లు యాడనుంచి తెస్తాం?" అన్నాడు మేకల సుంకన్న. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకుని నవ్వారు. వాళ్ళకు పరిచయమై పది నిమిషాలు కాలేదు. నేను ఒకడినే పక్కన కాగితాలు పట్టుకుని నిలబడ్డాను.

ల్యాబుకు వచ్చాక అతను పేరు, తండ్రి పేరు, వయసు పక్కన ఇంకో కాలమ్ పెట్టాడు. దాని పేరు 'గుర్తు'. బావికాడ, మేకలు, కుంటికాలు, ఎర్రరుమాలు, మిలిట్రీ, అగ్గిపెట్టెల అంగడి. ఊళ్ళో ఎవరిని ఎలా పిలుస్తారో అది. సార్ చూసి నవ్వాడు.

"గుర్తా? ఏ పుస్తకంలో ఉండాదప్పా ఇది?"

"పుస్తకంలో లేదు సార్. రాసుకుంటే సరిపోదు గదా, పిలిస్తే పలకాల."

సార్ నవ్వు ఆపాడు. మర్నాడు క్లాసులో గంటసేపు ఆ కాలమ్ మీదే పాఠం చెప్పాడు. డేటా అంటే మనిషి గురించిన సంగతే గానీ మనిషి కాదని, ఆ తేడా తెలిసినవాడే ఈ పనికి పనికొస్తాడని. చివర్లో ఇంకో మాట అన్నాడు. కడపలో ఒక కంప్యూటర్ సెంటర్ వాళ్ళు మంచి పిల్లవాణ్ణి ఒకణ్ణి పంపమని అడిగారట. "ఎవర్ని పంపాల్నో ఇంగ నాకు అనుమానం లేదు" అని అతని వైపు చూశాడు. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తన గురించే మాట్లాడుతున్నారని కూడా తెలియలేదు.

మా బ్యాచ్‌లో ఎవరికీ అప్పటికి ఉద్యోగం లేదు. అది ఒక్కటే, అలాంటిదాని కోసం నేను ఆర్నెల్లుగా చూస్తున్నాను.

శనివారం సాయంత్రానికి పేర్లన్నీ ఎక్కించడం పూర్తయింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక పేరు తీసెయ్యాలంటే రెండు మెట్లు ఉండేవి. మొదట డిలీట్ అంటే పేరు మీద గుర్తు పడుతుంది, అంతే. కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. రెండోసారి ప్యాక్ అని కొడితే మాత్రం ఇక రాదు. అలవాటు కోసం మేం మొదట్లో కొట్టిన ఉత్తుత్తి పేర్లు కొన్ని ఉంటే, అతను వాటిని డిలీట్ చేసి ప్యాక్ కొట్టాడు. తర్వాత ఎన్ని మిగిలాయో లెక్క చూసుకోలేదు. "యాడికి పోతాయిలే" అని లేచి వాళ్ళ ఊరికి పోయాడు. మర్నాడు ఆదివారం, చర్చి.

ఆదివారం నేను ఒక్కణ్ణే ల్యాబు తాళం తీయించుకుని కూర్చున్నాను. పేర్లన్నీ వరసలో పెట్టించాను. ఒకే పేరు, ఒకే తండ్రి పేరు, ఇంచుమించు ఒకే వయసు ఉన్నవి రెండు రెండు, మూడు మూడు వచ్చాయి. చూడగానే నాకు వచ్చిన ఆలోచన ఇది: తొందరలో ఒకే మనిషిని రెండుసార్లు కొట్టేశాడు, ఇది సార్‌కు చూపించాలి. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే, పక్కనున్న 'గుర్తు' కాలమ్ వైపు నేను చూపు తిప్పలేదు. చూస్తే తెలిసిపోతుందని తెలుసు. మేకల సుంకన్న నవ్వు నా చెవుల్లో ఉంది. అయినా చూడలేదు. మొదటివి ఉంచి, తర్వాతివి డిలీట్ కొట్టాను. రెండు మెట్ల మధ్య నాకు కావలసినంత సమయం ఉంది. లేచి బయటికి పోయి నీళ్ళు తాగి వచ్చాను కూడా. తర్వాత ప్యాక్ కొట్టాను.

'ఇన్ని దొంగ పేర్లు తీసేశాను సార్' అని సోమవారం చెప్పాలనుకున్నాను. సోమవారం నోరు రాలేదు. అతను కడుపునిండా నిద్రపోయినవాడిలా వచ్చి, జాబితా అచ్చు తీసి, మడతలు సర్ది, సార్ చేతిలో పెట్టాడు. పోనీలే, చూద్దాం అనుకున్నాను.

బస్సు వచ్చిన రోజు ఆ ఊరి బడి వసారాలో ముసలివాళ్ళంతా తలస్నానాలు చేసి, మూటలు కట్టుకుని కూర్చున్నారు. జాబితా చదివింది అతనే.

"సుంకన్న, తండ్రి మద్దిలేటి."

ముగ్గురు లేచారు.

అతను నవ్వాడు. "బావికాడి తాత మొదట. మీ ఇద్దరి పేర్లూ వస్తాయి, కూచోండి." తర్వాతి పేరు చదవబోయి ఆగాడు. కాగితం తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఆ తర్వాత పేర్లన్నీ చదివాడు, ఒక్కొక్కటి చదువుతూ ముఖం పాలిపోయింది. చివరికి వసారాలో ముప్పైయొక్క మంది మూటలతో మిగిలిపోయారు.

"నా పేరు సదవలేదప్పా" అన్నాడు మేకల సుంకన్న. "ఇంగోసారి సూడు."

అతను ఇంకోసారి చూశాడు. ఆసుపత్రి నుంచి వచ్చినాయన మంచివాడే గానీ, లిస్టులో ఉన్నవాళ్ళకే మంచాలు వేయించామన్నాడు. బస్సు పోయింది. నా పార్ట్‌నర్ సాయంత్రం దాకా ఆ ముప్పైయొక్క ఇళ్ళకూ తిరిగి, ప్రతి గుమ్మం ముందూ తప్పు తనదేనని చెప్పి వచ్చాడు. నేను బడి వసారాలో కూర్చున్నాను.

మర్నాడు ల్యాబులో సార్ మా ఇద్దర్నీ నిలబెట్టాడు.

"ఎవరు చేసినారప్పా ఇది?"

"శనివారం నేనే ప్యాక్ కొట్టినా సార్" అన్నాడు అతను. "ఉత్తుత్తి పేర్లు తీసేకి. లెక్క సూసుకోలేదు. నా చెయ్యి ఏదో తప్పు కొట్టింటాది సార్."

సార్ నావైపు తిరిగాడు. "నువ్వేమంటావ్?"

నేను నాలుగే మాటలు అన్నాను. "వాడు శానా ఫాస్ట్ సార్."

కడపకు నేను పోయాను.

చేరిన రోజు నుంచి ఈ రోజు దాకా నేను తిన్నది ఆ ఉద్యోగం పెట్టిన దారిలోని తిండే. సెంటర్ నుంచి ప్రైవేటు కంపెనీ, అక్కడి నుంచి శిక్షణ ఇచ్చే పని. వందల మందికి డేటా ఎంట్రీ నేర్పాను. ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజు ఈ కథ చెప్పేవాణ్ణి. "నాకొక పార్ట్‌నర్ ఉండేవాడు, చూడకుండా కొట్టేవాడు, ఒకరోజు లెక్క చూసుకోకుండా ప్యాక్ కొట్టాడు" అని. జాగ్రత్తకు అంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు నాకు. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవాళ్ళు.

పదేళ్ళ కిందట పని మీద రాజంపేట పోతే, సర్టిఫికెట్లు, అర్జీలు కంప్యూటర్లో పెట్టే చిన్న అంగడిలో అతను కనిపించాడు. బయట ఎండలో పెద్ద క్యూ. పక్కన అలాంటిదే ఇంకో అంగడి ఖాళీగా ఉంది. ఒక పెద్దావిడను, "ఆడ ఎవరూ లేరు గదమ్మా, పో" అంటే, "ఈయప్ప కాడ అయితే పేరు తప్పు పడదు నాయనా, నిలబడతాలే" అంది. నాకు కడపలో ఏసీ గది ఉంది, నా పేరు రాసిన బల్ల ఉంది. నా కోసం ఎండలో నిలబడినవాళ్ళు ఒక్కరూ లేరు.

లోపలికి పోయి చూశాను. అతను తల వంచి, వేళ్ళ వైపు చూస్తూ, ఒక్క వేలితో కొడుతున్నాడు. ఒక్కో అక్షరం కొట్టి, తెర వచ్చినవాళ్ళ వైపు తిప్పి, పేరు పైకి చదివి, వాళ్ళతో చదివించి, "సూసినావా? ఇంగోసారి సూడు" అంటున్నాడు. పాట లేదు. ఫ్యాను తిరుగుతోంది, దాని వైపు చూడలేదు. ఇది రాయడం కష్టంగా ఉంది, కానీ రాయాలి: అతను నాకంటే నిదానంగా కొట్టడం చూసి నాకు సంతోషం కలిగింది.

నన్ను చూసి లేచి వచ్చి చేతులు పట్టుకున్నాడు. టీ తెప్పించాడు. క్యూలో వాళ్ళకు, "మా పార్ట్‌నరప్పా, కడపలో పెద్ద సారు" అని చూపించాడు. నేను బయల్దేరుతుంటే కొంచెం దూరం నాతో నడిచి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఒక మాట శానా రోజుల నుంచి అడగాల్ననుకుంటాండా. నా వల్ల ఆ ప్రాజెక్టు చెడిపోయి నీకు గూడ మార్కులు తగ్గినాయి గదా. మనసులో పెట్టుకోవద్దప్పా."

నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. "పోనీలేప్పా" అన్నాను.

క్షమించాను. నేను అతన్ని క్షమించాను!

అదే ఆఖరు చూడటం. మొన్నామధ్య రాజంపేట చర్చిలో జ్ఞాపకార్థ కూడికకు పోయాను. పాస్టరుగారు ప్రార్థన చేసి, అతని గురించి చెప్పదలచినవాళ్ళు చెప్పమంటే ఒకరి తర్వాత ఒకరు లేచారు. కూరగాయలమ్మే ఆమె, రిటైరైన టీచరు, ఆటో తోలేవాడు. అందరూ ఒకటే మాట. శానా నిదానం మనిషి, శానా జాగ్రత్త మనిషి. ఏడుస్తూ చెప్పారు. వెనక బెంచీలో కూర్చుని, నేను పోయిన రోజు ఎవరు వస్తారు, ఏం చెబుతారు అని లెక్క వేసుకుంటున్నాను. శవమైపోయిన మనిషి మీద కూడా చల్లారలేదు నా కడుపుమంట.

తర్వాత వాళ్ళింట్లో భోజనాలు. అతని భార్య నా పక్కకు వచ్చి కూర్చుంది.

"ఆయనకు పుట్టినప్పటి నుంచే ఆ నిదానం ఉందేమో అన్నా. మా పిల్లోల్లతో గూడ ఒక్కో పేరు మూడుసార్లు చదివిస్తాండె" అంది నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ.

"లేదమ్మా. మా కాలేజీలో వాడంత వేగంగా కొట్టేవాడు లేడు. ఫ్యాను వైపు చూస్తూ కొట్టేవాడు."

"ఆయనా?" అని పెద్దగా నవ్వింది. "మీరు వేరే ఎవర్నో అనుకుంటాండారు."

అప్పుడు నాకు అర్థమైంది. ఫ్యాను వైపు చూసే ఆ కుర్రవాడు ఈ ఇంట్లో అడుగే పెట్టలేదు. వీళ్ళంతా ఏడుస్తున్నది నేను తయారుచేసిన మనిషి కోసం. ఆ జాగ్రత్త అతని గుణం కాదు, నేను పెట్టిన భయం. చెప్పకుండా లేచి వచ్చేస్తే పాత మనిషి పూర్తిగా పోతాడు.

చెప్పాను. ఆదివారం, రెండు మెట్లు, నీళ్ళు తాగి రావడం, సార్‌తో అన్న నాలుగు మాటలు, అన్నీ. ఆమె చేతిలోని నీళ్ళ చెంబు కింద పెట్టింది.

"ఏటా ఎండాకాలం ఆ ఊరికి పోతాండె ఆయన" అంది. "ఈడనుంచి కడప, కడప నుంచి కర్నూలు, ఆడనుంచి కోడుమూరు. ఒక దినమంతా పడుతుంది. ఏంటికయ్యా అంటే, నేను చెరిపిన పేర్లు, నేను చూసుకోవాల అంటాండె. ఆ మేకలాయన్ని మళ్ళా ఆసుపత్రికి తీస్కపోతే ఆలస్యమైపోయిందని తిప్పి పంపినారంట. పెండ్లయిన ఏడే నాకు చెప్పినాడు. చెప్పి ఏడ్చినాడు."

"నన్ను క్షమించమ్మా" అన్నాను.

"నేనెవర్నన్నా క్షమించడానికి? నేను ఆ ఊరి దాన్నా?" ఆమె లేచింది. "ఈ ఏడు ఆయన పోలేడు. మీరు పోండి. పోయి చెప్పండి."

గ్రూపులో ఆ రాత్రే అంతా రాసి పెట్టాను. ఒకరిద్దరు ఏదో అన్నారు, చాలామంది ఏమీ అనలేదు. ఆ తర్వాతి ఆదివారం బయల్దేరాను.

కోడుమూరులో బస్సు దిగి షేర్ ఆటో ఎక్కాను. ఊరు కొంచెం పెరిగింది. మేకల సుంకన్న ఇల్లు అడిగితే ఒకతను వేలు పెట్టి చూపించాడు. సుంకన్న పోయి పదిహేనేళ్ళయిందట. అతని భార్య ఉంది, ఎనభై దాటి ఉంటుంది. గడప పక్కన కూర్చుని కందులు చెరుగుతోంది. నులక మంచం వాల్చమని కోడలికి చెప్పింది.

"కూచో నాయనా. ఏటా ఎండాకాలం ఆయప్ప వస్తే ఈ మంచం మీదనే కూచుంటాండె. నువ్వు ఆయప్ప తాలూకానా?"

"కలిసి చదువుకున్నామవ్వా."

"ఈసారి రాలేదే ఇంగా?"

రెండు సంగతులు చెప్పాలి. ఏది ముందు చెప్పాలో దారిపొడుగునా ఆలోచించినా తెలియలేదు. పోయాడని ముందు చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇంట్లో మనిషి పోయినట్టే ఏడ్చింది. "మా ముసలాయనకు చూపు పోయినాక, ఆయప్ప వచ్చి ఊర్లో సంగతులన్నీ కండ్లకు కట్టినట్టు చెప్తాండె నాయనా. గొంతు ఇంటేనే ముసలాయన లేసి కూచుంటాండె" అంది. ఆ మంచం మీద కూర్చుని, ఆమె తేరుకునేదాకా ఆగాను. ఆ కన్నీళ్ళ మీద కూడా నాకు ఆశ పుట్టింది, దాచడం ఎందుకు.

"అవ్వా, ఇంకో మాట. ఆ పొద్దు బస్సు వచ్చినప్పుడు మీ ఆయన పేరు లేకుండా పోయింది గదా. అది చేసింది ఆయన కాదు. ఆయన తప్పేం లేదు. పేర్లు తీసేసింది నేను. నాకు తెలిసే చేసినా."

కోడలు గుమ్మంలో నిలబడిపోయింది. అవ్వ కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది.

"నువ్వా?"

"నేనే."

తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆమె గొంతులో కోపం లేదు. అర్థంకాక అడుగుతున్నట్టు అడిగింది.

"మరి ఇన్నేండ్లు ఆయప్ప ఏంటికి వచ్చినాడప్పా? నువ్వు ఏంటికి రాలేదు?"